మెట్ట కృష్ణాలో ఇంటి తవ్వకాలు: ఒక కిరాయి పని చరిత్ర

కృష్ణా డెల్టా కాలువలు అందని మెట్ట నేలలో, ముఖ్యంగా జగ్గయ్యపేట, నందిగామ ప్రాంతాల్లో, ఇంటికి పునాది తీయడం గానీ పెరట్లో బావి తవ్వడం గానీ ఇంటి మనుషులు సొంతంగా చేసుకునే పనిగా ఉండేది తక్కువ. దీనికి మొదటి కారణం నేల స్వభావమే. మున్నేరు, పాలేరు, కృష్ణా నదుల నడుమ ఉన్న ఈ భూమిలో చాలాచోట్ల పైపొర నల్లరేగడి. దాని కింద సుద్ద కలిసిన గట్టినేల, ఆ కింద పలకలు పలకలుగా సున్నపురాయి ఉంటాయి. మెరక మీద మాత్రం ఎర్రచెలక, గులకరాళ్లు కనిపిస్తాయి. వానాకాలంలో పారకు బంకలా అంటుకుపోయి, ఎండాకాలంలో నెర్రెలు విచ్చి, నాలుగడుగుల లోతున గునపానికి ఎదురుతిరిగే ఈ నేలను తవ్వాలంటే కండబలం ఒక్కటే చాలదు. ఏ పొర ఎంత లోతున తగులుతుందో, ఏ గోడ నిలబడుతుందో, ఏది విరిగి పడుతుందో తెలిసిన చెయ్యి కావాలి. ఆ చేతిని ఇక్కడివారు తరతరాలుగా కూలికో గుత్తకో పిలిపించుకున్నారు.

ఈనాడు ఇదే ప్రాంతంలో, 2022 ఏప్రిల్ నుంచి ఎన్టీఆర్ జిల్లాలో భాగమైన ఈ పట్టణాల్లో, ఇంటి యజమాని గంట లెక్కన ఒక చిన్న తవ్వక యంత్రాన్ని పిలిపిస్తే, అది కొత్త ఆచారంలా కనిపించినా, దాని కింద పాత కిరాయి పద్ధతి చెక్కుచెదరకుండా ఉంది. పనిముట్టును మాత్రమే అద్దెకు తెచ్చుకుని తామే తవ్వుకునే అలవాటు ఇక్కడ వేళ్లూనలేదు; పలుగు కాలంలో పలుగు పట్టే మనిషితో, యంత్రం కాలంలో యంత్రం నడిపే మనిషితో కలిపే తవ్వకం ఇంటి ముంగిటికి వచ్చింది. ఆ వరసను కాస్త వెనక నుంచి చూస్తే, మారినదేమిటో మారనిదేమిటో తేటపడుతుంది.

ఈ ప్రాంతంలో మట్టిపనికి కళ్లెదుట మిగిలిన అతి పాత ఆనవాలు జగ్గయ్యపేట పక్కనున్న ధనంబోడు గుట్ట మీది బౌద్ధ స్తూపం. 1882లో పురావస్తు పరిశోధకుడు జేమ్స్ బర్జెస్ దీన్ని తవ్వించి పరిశీలించాడు; అమరావతి, జగ్గయ్యపేట స్తూపాలపై ఆయన రాసిన గ్రంథం 1887లో వెలువడింది. సుమారు 31 అడుగుల వ్యాసం ఉన్న ఈ స్తూపం లోపలి భాగాన్ని పెద్ద రాళ్ల వరసల మధ్య మట్టి దట్టించి నింపారు. బయట మాత్రం రాతి పలకలు కప్పారు. చక్రవర్తి బొమ్మ ఉన్న ప్రసిద్ధ శిల్పం ఈ స్తూపానిదే; అది చెన్నై ప్రభుత్వ మ్యూజియానికి చేరింది. ఇక్ష్వాకు రాజు వీరపురుషదత్తుని 20వ పాలనా సంవత్సరంలో ఇక్కడ ఆయక స్తంభాలు నిలిపినట్టు శాసనం చెబుతోంది. ఆయక స్తంభాలంటే స్తూపం నాలుగు దిక్కుల్లోని వేదికల మీద అయిదేసి చొప్పున నిలిపే రాతి కంబాలు. వాటిని దానం చేసినవాడు రాజు కాడు, వర్తకుడు కాడు. కమ్మరాష్ట్రానికి చెందిన సిద్ధార్థుడనే పనివాడు. చేతిపని చేసుకునే మనిషి ఒక మహాచైత్యానికి స్తంభాలు ఇవ్వగలిగిన స్థితిలో ఉండడం, ఆ దానంలో తన పేరు, తండ్రి పేరు, ఊరి పేరు చెక్కించుకోవడం ఈ ప్రాంతపు పనివాళ్ల చరిత్రలో గుర్తుంచుకోవలసిన విషయం, ఎందుకంటే ఆ తర్వాత శతాబ్దాల తరబడి మట్టి తవ్వినవాళ్ల పేర్లు దాదాపు ఎక్కడా రాతికెక్కలేదు.

స్తూపం ఉన్న గుట్టకు ధనంబోడు అన్న పేరు రావడం వెనక, పాత దిబ్బల కింద ధనం ఉంటుందన్న నమ్మకం కనిపిస్తుంది. లంకెబిందెల ఆశ తెలుగు పల్లెల్లో ఎన్నో దిబ్బలను గుల్లచేసింది. అంతకంటే ఎక్కువ నష్టం ఇళ్ల కోసం, గుళ్ల కోసం రాళ్లూ ఇటుకలూ తవ్వుకుపోవడం వల్ల జరిగింది. అమరావతి జమీందారు వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు పద్దెనిమిదో శతాబ్ది చివర చింతపల్లి నుంచి రాజధానిని మార్చి అమరావతిలో కొత్త పట్టణం కట్టినప్పుడు, పక్కనే ఉన్న దీపాలదిన్నె అనే స్తూపపు దిబ్బ ఇటుకలకూ రాతికీ గనిగా మారింది. ఆ తవ్వకంలో బయటపడిన పాలరాయి శిల్పాల కబురు విని 1797 ప్రాంతంలో ఈస్టిండియా కంపెనీ సర్వేయరు కాలిన్ మెకంజీ అక్కడికి వచ్చాడు. తన తల్లి అచ్చమ్మ పేర అచ్చంపేటను నిలిపిన ఈ జమీందారే బేతవోలు దగ్గర తండ్రి జగ్గయ్య పేర జగ్గయ్యపేటను కట్టించాడు. ఒక పట్టణాన్ని లేపడమంటే కోటగోడలకు, చెరువులకు, బావులకు, వీధుల్లోని వందల ఇళ్లకు పునాదులు తీయడమే కాబట్టి, జగ్గయ్యపేట పుట్టుకలోనే మట్టిపని చేసేవాళ్ల శ్రమ పెద్ద పాలు. జమీందారు దానధర్మాలను గురించి చాటువులు, కథలు ఎన్నో నిలిచాయి. ఆ పునాదులు తీసిన ముఠాల సంగతి వాటిలో వినిపించదు.

మట్టి తవ్వకాన్ని కిరాయి పనిగా కళ్లకు కట్టినట్టు చూపే పాత రచన వజ్రాల గనులకు సంబంధించినది. నందిగామకు తూర్పున, ఇప్పటి కంచికచర్ల మండలంలోని పరిటాల, కృష్ణకు ఆవలి ఒడ్డున పులిచింతల జలాశయం పరిధిలోకి వచ్చిన కొల్లూరు, పదిహేడో శతాబ్దిలో ప్రపంచమంతటా తెలిసిన వజ్రాల ఊళ్లు. ఫ్రెంచి వర్తకుడు తవెర్నియే కొల్లూరు గనిలో సుమారు 60,000 మంది పనిచేస్తున్నారని రాశాడు. మగవాళ్లు తవ్వేవారు, ఆడవాళ్లూ పిల్లలూ మట్టి మోసేవారు. పది పన్నెండు అడుగులు దిగి నీళ్లు తగిలేదాకా తవ్వి, ఆ మట్టిని పక్కనే చిన్న గోడ కట్టిన మడిలో పోసి, నీళ్లు పెట్టి, ఆరబెట్టి, చేటలతో చెరిగి వజ్రాలు ఏరేవారు. రావల్కొండ అని ఆయన పిలిచిన మరో గనిలో వర్తకుడు నేలను గుత్తకు తీసుకుని, యాభైమంది కూలీలను పెడితే రోజుకు రెండు వరహాలు, వందమందిని పెడితే నాలుగు వరహాలు సుల్తానుకు కట్టేవాడు. తవ్వేవాడికి దక్కేది ఏడాదికి మూడు వరహాలు. ఈ లెక్కలో రెండు సంగతులున్నాయి: తవ్వకంలో పెట్టుబడి అంటే మనుషుల సంఖ్యే అని రాజ్యం గుర్తించి దాని మీదే పన్ను వేసింది, మగవాడు తవ్వడం, ఆడమనిషి మోయడం అన్న పని విభజన అప్పటికే స్థిరపడింది. ఆ రెండో సంగతి ఇరవయ్యో శతాబ్ది చివరిదాకా, ఇంటి పునాది గుంతల దగ్గర కూడా, అలాగే సాగింది.

చెరువుల సంగతి వేరు. చెరువు తవ్వించడం పుణ్యకార్యం, సప్తసంతానాల్లో ఒకటి. చెరువు తవ్వించినవాడికీ బాగుచేసినవాడికీ దాని ఆయకట్టులో కొంత భూమినో ఫలసాయంలో కొంత భాగాన్నో ఇచ్చే ఏర్పాటును దశబంధం అనేవారు. కడప సీమలోని పోరుమామిళ్ల చెరువు గురించి 1369 నాటి శాసనం, రోజుకు వెయ్యిమంది కూలీలు, రాళ్లు తోలడానికి వంద బండ్లు చొప్పున రెండేళ్లు పనిచేశాయని లెక్క చెబుతుంది. అంత పెద్ద పని రాజకుటుంబానికే సాధ్యం. అయితే ఆ కూలీ ముఠాలే, లేదా వాటివంటివే, పెద్ద పని లేనప్పుడు ఊళ్లలో బావులు తీస్తూ, ఇళ్లకు పునాదులు తవ్వుతూ బతికేవి. ఇంటి తవ్వకం చరిత్ర చెరువు తవ్వకం చరిత్రకు కొమ్మగా పెరిగిందనడం అందుకే సబబు.

ఆ పనిలో తెలుగునాట ముందు చెప్పుకోవలసినవారు వడ్డెరలు. ఒడ్డెలు, వడ్డెలు, వడ్డెరలు అని పలురకాలుగా పిలిచే ఈ సమాజంలో రాయి కొట్టేవారిని రాతి ఒడ్డెలని, మట్టి పని చేసేవారిని మట్టి ఒడ్డెలని విడిగా చెప్పేవారు. 1891 మద్రాసు జనాభా లెక్కల నివేదిక, రాయి తీయడంలో, బావులు తవ్వడంలో, చెరువు కట్టలు పోయడంలో వీరు మరే వర్గం కంటే వేగంగా పనిచేస్తారనీ ఈ వృత్తి దాదాపు వీరి గుత్తాధిపత్యంలోనే ఉందనీ గుర్తించింది; దక్షిణ భారత కులాలు, తెగలపై 1909లో వెలువడిన థర్‌స్టన్ సంపుటాలు ఆ మాటనే తీసుకున్నాయి. రాతి ఒడ్డెలు ఒకచోట స్థిరపడే అవకాశం ఉండగా, మట్టి ఒడ్డెలు పని వెంట కదిలేవారు. పని జరిగే చోటికి దగ్గరలో గుడిసెలు వేసుకుని, గాడిదల మీద మట్టి తోలుతూ, పని ముగియగానే సామాను కట్టుకుని మరో ఊరికి పోయేవారు. ఊరి మధ్య నివసించనివారికి ఊరు ఇచ్చే గౌరవం తక్కువే. ప్రతి ఇంటి పునాదీ వాళ్ల చేతి మీదుగానే లేచినా, గృహప్రవేశం నాటికి వాళ్లు మరో ఊళ్లో ఉండేవారు. పెద్ద ఆనకట్టలకు ఇంజనీర్ల పేర్లు నిలిచాయి. విజయవాడ దగ్గర 1852–55 మధ్య కృష్ణకు ఆనకట్ట కట్టిన కెప్టెన్ చార్లెస్ ఓర్ పేరు పుస్తకాల్లో దొరుకుతుంది. ఈ వృత్తి చరిత్ర రాసేవారికి ఆ పక్కన రాయలేకపోయిన పేర్లే ఎక్కువ బాధపెడతాయి.

మట్టి ముఠా పని తీరును కాస్త దగ్గర నుంచి చూడాలి. యజమాని బయానా ఇచ్చి పని ఒప్పజెప్పాక, ముఠా మేస్త్రీ స్థలం చూసి, దారం కట్టి, సున్నపు పొడితో ముగ్గు పోసి హద్దులు గుర్తించేవాడు. వాస్తు శాస్త్రం ప్రకారం ఈశాన్యం మూల మొదటి గడ్డ తీసేవారు. ఆ తర్వాత భార్యాభర్తలు జంటగా దిగడం మామూలు: భర్త పలుగుతో పెళ్లగించి పారతో తట్ట నింపుతాడు, భార్య తలమీద చుట్టకుదురు పెట్టుకుని తట్టను ఎత్తించుకుని గట్టు మీదికి చేరవేస్తుంది. గుంత లోతు పెరిగే కొద్దీ అందులో ఒక పక్క మెట్టు వదులుతారు. కింద ఉన్నవాడు మట్టిని ఆ మెట్టు మీదికి, మెట్టు మీదివాడు పైకి అందిస్తారు. ఇలా ఎత్తు పెరగడాన్ని లిఫ్ట్ అనీ, మట్టిని మోసుకుపోయే దూరాన్ని లీడ్ అనీ ప్రజాపనుల శాఖ లెక్కల్లో వాడిన మాటలు కంట్రాక్టర్ల నోటా మేస్త్రీల నోటా స్థిరపడ్డాయి. కేంద్ర ప్రజాపనుల శాఖ ధరల పట్టికలో మూల ధరకు 50 మీటర్ల దూరం, 1.5 మీటర్ల ఎత్తు హద్దు. అది దాటితే అదనపు కూలి. కూలీ తట్ట మోసే దూరాన్ని, ఎక్కే ఎత్తును ఇంత నిక్కచ్చిగా అంకెల్లో పెట్టిన వృత్తులు అరుదు.

కొలతలో అసలు చిక్కు మరొకచోట ఉంది. నేలలో బిగిసి ఉన్న మట్టిని తవ్వి పైన పోస్తే అది గుల్లబారి ఉబ్బుతుంది. గుంతలో వంద ఘనపుటడుగులున్న మట్టి గట్టు మీద నూటపాతిక దాకా కనిపించవచ్చు. గుట్టను కొలిస్తే యజమానికి నష్టం, కనుక గుంతనే కొలవాలన్నది నియమం. విశాలంగా తవ్వే చెరువుల్లో, కాలువ కట్టలకు మట్టి తీసే గుంతల్లో, అసలు నేల ఎంత ఎత్తున ఉండేదో తెలియడానికి మధ్య మధ్య తవ్వకుండా మట్టి దిమ్మెలు వదిలేవారు. పై గడ్డితో సహా నిలిచి ఉన్న ఆ దిమ్మె తవ్వకం లోతుకు సాక్ష్యం. కొలత అయ్యాకే దాన్ని తీసేయనిచ్చేవారు. ఇంటి పునాది దగ్గర దిమ్మె అవసరం లేదు, గోడల అంచే సాక్షి. నాలుగడుగుల చదరం, అయిదడుగుల లోతు ఉన్న ఒక స్తంభం గుంత 80 ఘనపుటడుగులు. పన్నెండు స్తంభాల ఇంటికి అది 960 ఘనపుటడుగులు. వంద ఘనపుటడుగులను యూనిట్ అనే లెక్కలో తొమ్మిదిన్నర యూనిట్లకు పైమాట. చదువురాని మేస్త్రీలు ఈ లెక్కను జానలతో, మూరలతో, కర్రగుర్తులతో తప్పు లేకుండా చేసేవారు.

బావుల తవ్వకం దీనికంటే కష్టమైనది, ప్రమాదకరమైనది. మెట్టలో సాగు బావి మీద, తాగునీరు ఊటబావి మీద ఆధారపడేవి కాబట్టి, 1883 నాటి భూమి అభివృద్ధి రుణాల చట్టం కింద బావి తవ్వకానికి ప్రభుత్వం అప్పులు ఇచ్చింది. తకావీ అప్పులని జనం పిలిచినవి ఇవే. అప్పు పుట్టినా రాయి తెగాలి. నల్లమట్టి దాటి సున్నపురాయి పలకలు తగిలాక గునపం పనికిరాక, సమ్మెటతో ఉలి దింపి రంధ్రం చేసి, మందు కూరి పేల్చేవారు. మోటబావికి ఎద్దులు దిగే వాలు, దిగుడుబావికి మెట్లు, ఇంటి పెరటి బావికి గిలక స్తంభాలు, ఇలా ప్రతి రకానికి తవ్వే తీరు మారేది. తర్వాతి కాలంలో సిమెంటు ఒరలు వచ్చాక, ఒరను నేలమీద నిలిపి దాని లోపలి మట్టి తీస్తూ పోతే ఒర తన బరువుకే కిందికి దిగే పద్ధతి మెత్తని నేలల్లో స్థిరపడింది. గట్టున నిలబడిన చుట్టాలు, ఇరుగుపొరుగు, తొలి ఊట పడ్డ రోజు కొబ్బరికాయ కొట్టి తవ్వినవాళ్లకు కొత్తబట్టలు పెట్టడం చాలా ఊళ్ల ఆనవాయితీ. బోరుబావులు వచ్చాక ఈ నైపుణ్యం వేగంగా అడుగంటింది.

నల్లరేగడి మీద ఇల్లు కట్టడం గురించి ప్రత్యేకంగా చెప్పుకోకపోతే ఈ ప్రాంతపు తవ్వకాల మర్మం తెలియదు. తడిసినప్పుడు ఉబ్బి, ఎండినప్పుడు ముడుచుకునే ఈ మట్టి, తక్కువ లోతున వేసిన పునాదిని ఏటా ఎత్తి దించినంత పని చేస్తుంది. గోడల్లో మూలల నుంచి ఏటవాలుగా సాగే పగుళ్లు దాని గుర్తు. పాతకాలపు మేస్త్రీలు దీనికి విరుగుడుగా నల్లమట్టిని పూర్తిగా తీసి గట్టినేల తగిలేదాకా దిగడం, లేదా వెడల్పుగా తవ్వి అడుగున ఇసుక నింపి నీళ్లతో దిగగొట్టడం చేసేవారు. రెండింటిలోనూ గోడకు అవసరమైనదానికంటే ఎన్నో రెట్లు మట్టి తీయాలి. రూర్కీలోని కేంద్ర భవన పరిశోధన సంస్థ 1950ల తర్వాత ఇందుకు మరో దారి చూపింది: చేతితో తిప్పే బర్మాతో సన్నని రంధ్రాన్ని సుమారు మూడున్నర మీటర్ల లోతుకు దింపి, అడుగున గొడుగులా వెడల్పు చేసి కాంక్రీటు పోసే పైలు పునాది. తేమ మార్పులకు కదలని పొరలో పునాది అడుగును నాటడం దాని సూత్రం. మట్టి తీయడం బాగా తగ్గినా, ఆ బర్మా, దాన్ని తిప్పే మనుషులు మళ్లీ కిరాయికే రావాలి.

ఇరవయ్యో శతాబ్ది మధ్యలో ఈ మెట్టను మార్చేసిన పెద్ద తవ్వకం నాగార్జునసాగర్ ఎడమ కాలువ. ముక్త్యాల రాజా వాసిరెడ్డి రామగోపాల కృష్ణమహేశ్వర ప్రసాద్ పట్టుబట్టి ఆ ప్రాజెక్టు కోసం పాటుపడ్డాడు. 1955 డిసెంబరు 10న నెహ్రూ శంకుస్థాపన చేయగా, 1967 ఆగస్టు 4న ఇందిరా గాంధీ కాలువలకు నీళ్లు వదిలారు. లాల్‌బహదూర్ కాలువగా పేరుపడిన ఎడమ కాలువ నీళ్లు జగ్గయ్యపేట, నందిగామ పొలాలకు చేరాయి. ప్రపంచంలోకెల్లా పెద్ద రాతి ఆనకట్టల్లో ఒకటైన ఆ డ్యామును యంత్రాల మీద కంటే మనుషుల తలల మీదే కట్టారు. పరంజాల ఏటవాలు బాటల మీద బారులు తీరి రాళ్లు మోస్తున్న వేలాది స్త్రీపురుషుల ఛాయాచిత్రాలు అందుకు సాక్ష్యం. అప్పటి ప్రాజెక్టుల్లో పాలమూరు లేబర్ అన్న మాట తెలుగునాట స్థిరపడింది: మహబూబ్‌నగర్ జిల్లా కరువు పల్లెల నుంచి గుంపు మేస్త్రీ ముందే అప్పు ఇచ్చి తెచ్చిన కూలీలు, ఆ అప్పు తీరేదాకా పని వదిలి పోలేనివారు. మట్టిపనికి మనిషిని కిరాయికి తెచ్చుకోవడంలోని చీకటి పార్శ్వం ఇది. ఇంటి యజమాని ఇచ్చే బయానా, గుంపు మేస్త్రీ ఇచ్చే ముందస్తు అప్పు పైకి ఒకలా కనిపించినా, మొదటిది పనిని కడుతుంది, రెండోది మనిషిని కట్టేస్తుంది.

యంత్రం ఈ మెట్టలోకి వచ్చింది ముందుగా పెద్ద పనుల వెంబడే. జయంతీపురం దగ్గర 1980ల్లో వెలసిన సిమెంటు కర్మాగారం, తర్వాత ముక్త్యాలలో వచ్చినది, సున్నపురాయి గనుల్లో భారీ యంత్రాలను కళ్లముందు నిలిపాయి. హైదరాబాదు–విజయవాడ రహదారిలో మల్కాపురం నుంచి నందిగామ దాకా నాలుగు వరసలుగా వెడల్పు చేసిన పని 2012 చివరికి పూర్తయ్యే నాటికి మట్టి తవ్వే, తోలే, చదును చేసే యంత్రాలన్నీ దారి పొడవునా ఉన్న ఊళ్లకు పరిచయమైపోయాయి. తెలుగులో ఈ యంత్రాలకు రెండు పేర్లు నిలిచాయి, రెండూ కంపెనీల పేర్లే. టైర్ల మీద నడుస్తూ ముందు తొట్టి, వెనక తవ్వే చెయ్యి ఉన్నదాన్ని జేసీబీ అంటారు. జోసెఫ్ సిరిల్ బామ్‌ఫర్డ్ 1945లో ఇంగ్లండులో ప్రారంభించిన సంస్థ అది, 1953లో ఈ రకం యంత్రాన్ని తెచ్చి, 1979లో హర్యానాలోని బల్లభ్‌గఢ్‌లో భాగస్వామ్యంతో తయారీ మొదలుపెట్టింది. చైను మీద నడుస్తూ చుట్టూ తిరిగేదాన్ని పొక్లెయిన్ అంటారు. 1951లో నూనె ఒత్తిడితో పనిచేసే తవ్వక యంత్రం తెచ్చిన ఫ్రెంచి సంస్థ పేరది. ఏ కంపెనీ తయారుచేసినా జనం నోట టైరు బండి జేసీబీయే, చైను బండి పొక్లెయినే.

అయితే రాజ్యం ఒకచోట యంత్రాన్ని గుమ్మం బయటే ఆపింది. 2005 నాటి జాతీయ గ్రామీణ ఉపాధి హామీ చట్టం మనుషులు చేయగల పనుల్లో కూలీలను తప్పించే యంత్రాలను, కంట్రాక్టర్లను నిషేధించి, ఖర్చులో కనీసం 60 శాతం కూలికే పోవాలంది. 2006 ఫిబ్రవరి 2న అనంతపురం జిల్లా బండ్లపల్లిలో మొదలైన ఆ పథకం 2008 ఏప్రిల్‌లో కృష్ణా జిల్లాకు వచ్చింది. చెరువు పూడికతీతలో, కాలువ గట్ల పనిలో మళ్లీ పలుగూ పారా దిగాయి. గుంత కొలిచి కూలి కట్టే పాత పద్ధతి, కూలీల పని చూసే మేట్ల చేతి పుస్తకాల్లోకి ఎక్కింది. అదే కాలంలో ఇంటి తవ్వకాలు మాత్రం యంత్రం వైపు జరిగాయి. ఊరి పనికి మనిషి, ఇంటి పనికి యంత్రం అన్న ఈ తారుమారును ఒకప్పటి జమీందారీ కాలపు మనిషి ఊహించగలిగేవాడు కాడు.

ఇంటి తవ్వకానికి పెద్ద యంత్రం సరిపడదు. ఏడెనిమిది టన్నుల బరువు, ఏడడుగులు దాటిన వెడల్పు ఉన్న జేసీబీ పట్టణపు పాత వీధుల్లో తిరగలేదు. తిరిగినా పక్కింటి అరుగును, మురుగు కాలువ పలకలను నలగగొడుతుంది. ఈ కొరతకు సమాధానం జపానులో పుట్టింది. ఇరుకు నగరాలు, కూలీల కొరత ఉన్న ఆ దేశంలో యన్మార్, టకెవుచి వంటి సంస్థలు 1960ల చివర, 1970ల మొదట్లో చిన్న తవ్వక యంత్రాలను తయారుచేశాయి. ఒక టన్ను లోపు నుంచి ఆరు టన్నుల దాకా ఉండే ఈ మినీ యంత్రాల్లో అతి చిన్నవి మీటరు వెడల్పు సందులోంచి కూడా దూరగలవు. రబ్బరు చైను కాబట్టి గచ్చును పెద్దగా చెడగొట్టదు. నేల బిగుసుకుంటే తొట్టి తీసి రాయి పగలగొట్టే బ్రేకరు తగిలించవచ్చు. 2000లో నీరు–మీరు అనే నీటి సంరక్షణ కార్యక్రమం కింద ప్రచారమైన ఇంకుడు గుంతలు, 2014 నుంచి స్వచ్ఛ భారత్‌లో ఇంటింటా కట్టిన మరుగుదొడ్ల గుంతలు, సెప్టిక్ ట్యాంకులు, నీటి సంపులు, ఇవన్నీ కలిసి పెరట్లో తవ్వే అవసరాన్ని ఇదివరకెన్నడూ లేనంతగా పెంచాయి. ఆ అవసరానికీ సందు వెడల్పుకూ తగిన కొలతలో దొరికేది మినీ యంత్రమే.

దాని పని తీరులో పాత ముఠా పని జాడలు చాలా కనిపిస్తాయి. ముగ్గు పోయడం, ఈశాన్యంలో ముందుగా గునపంతో ఒక గడ్డ తీయించడం అలాగే ఉన్నాయి. ఆ తర్వాతే ఆపరేటర్ బండి ఎక్కుతాడు. రెండు చేతుల్లో రెండు లివర్లు: ఒకటి బండి పైభాగాన్ని తిప్పుతూ చేతిని చాపుతుంది, రెండోది చేతిని దించుతూ తొట్టిని మలుస్తుంది. గుంత ఎంత వెడల్పు కావాలో దాన్ని బట్టి తొట్టి ఎంచుకుంటారు. ముందు పళ్లు నేలలో దించి, మట్టిని పొరలు పొరలుగా తనవైపు లాగి, పక్కకు తిప్పి వదులుతాడు. ముందు బ్లేడును నేలకు ఆనించకపోతే చిన్న బండి తన లాగుడుకు తానే ముందుకు ఒరుగుతుంది, కనుక గట్టి నేలలో బ్లేడు దించడం తప్పనిసరి. తడి రేగడి తొట్టికి అతుక్కుపోతే దాన్ని విదిలించడానికే సగం సమయం పోతుంది. తొట్టి పళ్లు అడుగున కదిలించి వదిలిన వదులు మట్టి మీద కాంక్రీటు పోయరాదు; మూలలు గుండ్రంగా మిగులుతాయి. అందుకే చివరి అరడుగు, నాలుగు మూలలు ఇప్పటికీ పారతోనే చదును చేయించి, నీళ్ల ట్యూబుతో మట్టం చూస్తారు. యంత్రం తెచ్చినా ఇద్దరు కూలీలను వేరే పిలవవలసి రావడానికి కారణం అదే.

కిరాయి మాటకు వస్తే, ఇంగ్లండు, అమెరికా వంటి దేశాల్లో ఇంటి యజమాని మినీ యంత్రాన్ని మాత్రమే రోజు లెక్కన తెచ్చుకుని, కాస్త నేర్చుకుని, వారాంతంలో తన తోటను తానే తవ్వుకోవడం మామూలు. అక్కడ కూలి ఖరీదు ఎక్కువ, పనిముట్టు అద్దెకు సులువుగా దొరుకుతుంది. ఇక్కడ కిరాయికి వచ్చేది యంత్రం, ఆపరేటర్, డీజిలు, ఒకే లెక్కలో; యంత్రం యజమాని తన సొత్తును పరాయి చేతికి ఇవ్వడు, ఇంటి యజమాని లివర్లు పట్టుకోవాలని కోరడు. ఇది వెనకబాటు కాదు. పెరటి గోడ పునాది పక్కన, ఎప్పుడో పూడ్చిన పాత బావి మీద, గుర్తులు లేని నీటి గొట్టాల మధ్య తవ్వవలసిన చోట, అలవాటు లేని చేతిలో ఒక టన్ను బండి కూడా ఇంటికే ముప్పు. మీటరున్నర దాటిన గుంతల గోడలకు దన్నులు పెట్టాలని భారత ప్రమాణాలు చెబుతున్నా, ఇళ్ల దగ్గర దాన్ని పాటించేవారు తక్కువ. వానకు తడిసిన రేగడి గోడ చెప్పకుండా విరుగుతుంది. ఈ విషయంలో పాత ముఠా మేస్త్రీ వదిలే మెట్టు ఈనాటి నిలువు గుంతకంటే క్షేమమైనది, ఆపరేటర్లకు ఆ మెట్టు నేర్పడం ఈ వృత్తికి అత్యవసరం.

అసలైన మార్పు కొలతలో వచ్చింది. గుంతను కొలిచి యూనిట్ల లెక్కన ఇచ్చిన కూలి గంటల లెక్కలోకి మారింది. యూనిట్ లెక్కలో నేల గట్టిదైతే నష్టం తవ్వేవాడిది. అందుకే అతను ముందే నేల చూసి, పొర తెలుసుకుని ధర చెప్పేవాడు. గంట లెక్కలో నేల గట్టిదైతే నష్టం ఇంటి యజమానిది. తవ్వేవాడికి నేల గురించి ముందే తెలుసుకోవలసిన అగత్యం తగ్గింది. సున్నపురాయి తగలగానే బ్రేకరు తగిలించి మరో ధర చెప్పడం, బండి వచ్చిపోయే సమయాన్ని కిరాయిలో కలపడం, కనీసం ఇన్ని గంటలని షరతు పెట్టడం, తీసిన మట్టిని ట్రాక్టరు ట్రిప్పుల లెక్కన వేరే తోలించడం ఈ కొత్త పద్ధతిలోని భాగాలు. ఉబ్బిన మట్టిని గుట్టగా కొలవరాదన్న పాత నియమం కూడా ఇక్కడ వీగిపోయింది, ఎందుకంటే ట్రాక్టరు ట్రిప్పు కొలిచేది ఉబ్బిన మట్టినే.

ప్రభుత్వ ఇంజనీర్లు వాడే ప్రామాణిక ధరల పుస్తకాల్లో మట్టి తవ్వకానికి ఈనాటికీ రెండు విడి పద్దులు ఉంటాయి: ఒకటి మనుషులతో చేసేది, మరొకటి యంత్రాలతో చేసేది. మొదటి పద్దులో మేట్, కూలీ, రోజు, లీడ్, లిఫ్ట్ అన్నవి ఉంటే, రెండో దానిలో యంత్రపు గంట, ఆపరేటర్, ఇంధనం ఉంటాయి. జగ్గయ్యపేటలోనో నందిగామలోనో పెరట్లో సంపు గుంత తవ్వించే యజమాని ఆ పుస్తకాన్ని చూసి ఉండడు గానీ, చివరి అరడుగుకు ఇద్దరు కూలీలను పిలిచి, మిగతాదానికి బండిని పిలిచి, సాయంత్రానికి ఆ రెండు పద్దుల కిందా డబ్బు విడివిడిగా లెక్కపెట్టి ఇస్తున్నాడు.